గుండు దారిని పట్టి చూపిన కాగితపు తెరలు

ఒక రైఫిలును బల్లపై కదలకుండ బిగించి, ఒకే గురికి పది గుండ్లను పేల్చితిమనుకొందము. ఇచట పేల్చువాని చేయి వణకుట లేదు, కన్ను పొరపడుట లేదు. అయినను పది గుండ్లును ఒకే రంధ్రమున దూరవు. గురిబల్లపై అవి కొంతమేర చెదరి పడును. తుపాకి కదలనప్పుడు గుండ్లు చెదరుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు ఒక గణితవేత్త, ఒక యంత్రనిర్మాత, ఒక వైద్యుడు వేర్వేరు కాలములలో శ్రమించిరి. గురిపోటీలలో పాల్గొనువారు కొందరు నేడు అంగడి తూటాలను కొనక, తమ తూటాలను తామే ఒక్కొక్కటిగా కూర్చుకొనుచుందురు. అట్టి శ్రద్ధకు శాస్త్రాధారము ఈ పరిశోధనల వలననే లభించినది.

ఇంగ్లండులోని బాత్ పట్టణమున 1707లో జన్మించిన బెంజమిన్ రాబిన్సు ఈ కథకు మొదటి నాయకుడు. అతని కాలమునకు తుపాకులు వాడుకలోనికి వచ్చి కొన్ని శతాబ్దములు గడచినవి. కాని గుండు ఎంత వేగముతో పోవునో సరిగా కొలిచి చెప్పగలవారు లేరు. కంటికి కనబడని దానిని కొలుచుట ఎట్లు? రాబిన్సు దీనికి ఒక లోలకమును సాధనముగా గ్రహించెను. బరువైన కొయ్యదిమ్మెను వ్రేలాడదీసి, దానిలోనికి గుండును పేల్చెను. దిమ్మె ఎంత దూరము ఊగినదో దానికి కట్టిన పట్టీ వలన తెలియును.

దీనిలోని సూత్రమును ఒక ఉదాహరణముతో చూతము. 10 గ్రాముల గుండు సెకనుకు 300 మీటర్ల వేగముతో వచ్చి 5,990 గ్రాముల దిమ్మెలో దిగబడినదనుకొందము. గుండు యొక్క ద్రవ్యవేగము 10 × 300, అనగా 3,000. గుండు, దిమ్మె కలిసిన ద్రవ్యరాశి 6,000 గ్రాములు. ద్రవ్యవేగము మారదు గనుక రెండును కలిసి సెకనుకు అర మీటరు వేగముతో కదలును. ఆ వేగముతో బయలుదేరిన లోలకము సుమారు 1.28 సెంటీమీటర్ల ఎత్తు లేచును. ఈ ఎత్తును కొలిచి, లెక్కను వెనుకకు నడిపినచో గుండు వేగము తెలియును. కంటికందని వేగము ఈ విధముగా స్కేలుతో కొలువదగిన ఎత్తుగా మారినది.

రాబిన్సు 1742లో ఫిరంగిశాస్త్ర నూతన సూత్రములను వివరించు గ్రంథమును ప్రకటించెను. వేగముగా పోవు గుండునకు గాలి కలిగించు నిరోధము అప్పటివారు తలచిన దానికంటె ఎంతో ఎక్కువయని అందు నిరూపించెను. గొప్ప గణితవేత్తయైన ఆయిలరు 1745లో ఆ గ్రంథమును విపులమైన వ్యాఖ్యతో జర్మను భాషలోనికి తెచ్చెను.

వేగము తెలిసినది. కాని దారి సంగతి ఏమి? గుండు వరుసగా పలుచని కాగితపు తెరలను చీల్చుకొని పోవునట్లు రాబిన్సు ఏర్పాటు చేసెను. తెరలలోని రంధ్రములను కలిపి చూచినచో గుండు నడచిన దారి బయటపడును. నున్నని గొట్టము నుండి వెడలిన ఉండగుండు తిన్నగా పోక, ఒక ప్రక్కకు వంగుచుండెను. దీనికి కారణము గుండు పొందు భ్రమణమని అతడు ఊహించెను. గొట్టము గోడను రాచుకొని వచ్చు గుండు ఏదో ఒక వైపునకు తిరుగుచు వెడలును. అట్లు తిరుగు గుండును గాలి ప్రక్కకు నెట్టును. ఊహను పరీక్షించుటకై అతడు తుపాకి గొట్టము కొసను ఎడమకు వంచి పేల్చెను. గుండు మొదట ఎడమకు పోయి, తరువాత దారి మార్చుకొని కుడికి వంగెను. అతని ఊహ నిజమయ్యెను.

భ్రమణమును మాన్పుట సాధ్యము కానప్పుడు దానిని మనకు అనుకూలముగా మలచుకొనవలెను. గొట్టము లోపల మెలికలుగా గాళ్లు తీసినచో, గుండు తాను పోవు దిక్కునే అక్షముగా చేసుకొని తిరుగును. అప్పుడు గాలి దానిని ఒక ప్రక్కకే నెట్టుట ఉండదు. ఇట్టి గాళ్లు గల రైఫిలు రాబిన్సునకు చాల పూర్వమే వాడుకలో నున్నది. అది ఎందుకు బాగుగా గురి కొట్టునో శాస్త్రీయముగా వివరించుచు అతడు 1747లో రాయల్ సొసైటీకి ఒక వ్యాసమును సమర్పించెను. తరువాత తూర్పు ఇండియా కంపెనీ కోటల పనికై మన దక్షిణదేశమునకు వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను.

నూరేండ్ల తరువాత కాగితపు తెరలు మరల నిలిచినవి. అంగుళములో పదిలక్షవ వంతును సైతము కొలువగల యంత్రమును నిర్మించిన జోసెఫ్ విట్‌వర్తును బ్రిటిషు ప్రభుత్వము 1850 దశకమున సైనిక రైఫిలును పరిశీలించుమని కోరెను. అతడు మాంచెస్టరులో 500 గజముల పొడవున పైకప్పు గల శాలను కట్టించి, గాలి తాకుడు లేకుండ చేసి, దారి పొడవున పలుచని కాగితపు తెరలు నిలిపెను. అప్పటి ఎన్‌ఫీల్డు రైఫిలులో గుండు 78 అంగుళములు నడచునప్పటికి ఒక చుట్టు తిరుగును. విట్‌వర్తు రైఫిలులో 20 అంగుళములకే ఒక చుట్టు పూర్తియగును. పొడవైన గుండు తలక్రిందులు కాకుండ నిలుచుటకు అంత వడిగా తిరుగవలెనని అతని ప్రయోగములు చూపెను. వడిగా తిరుగు బొంగరము నిలబడి, వడి తగ్గినపుడు తూలుట మనమెరిగినదే కదా. 1860 జూలైలో వింబుల్డన్ గురిపోటీల ప్రారంభమున విక్టోరియా రాణి పట్టుదారమును లాగి, పీఠముపై బిగించిన విట్‌వర్తు రైఫిలును పేల్చెను. 400 గజముల దూరమున ఆ గుండు గురి మధ్యబిందువునకు 1¼ అంగుళముల లోపలనే తగిలెను. ఎంత పొడవు గుండునకు ఎంత మెలిక కావలెనో లెక్కించు సులభ సూత్రమును 1879లో గ్రీన్‌హిల్ అను గణితాచార్యుడు రచించెను.

గొట్టము సంగతి ఇట్లు కొంత తేలినది. ఇక మిగిలినది తూటా. తూటాలో నాలుగు భాగములుండును: ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించు ప్రైమరు, లోపల మందు, మూతి వద్ద గుండు. పేలిన పిమ్మట గుల్ల పాడుకాదు; ప్రైమరును మార్చి, మందు, గుండు మరల కూర్చవచ్చును. 1860 దశకమున ఇట్టి గుల్లలు వ్యాపించిన తరువాత ఇంటివద్ద తూటాలు కూర్చుట సాధ్యమైనది. 1884లో జాన్ బార్లో అమెరికాలో స్థాపించిన ఐడియల్ కంపెనీ ఇందుకు కావలసిన చేతిపనిముట్లను, గుండ్లు పోతపోయు అచ్చులను అమ్మెను. మొదట ఇది పొదుపు కొరకు చేసిన పని. కాని గురికాండ్రు దీనిలో మరియొక లాభమును గ్రహించిరి. ప్రతి తూటాను మునుపటి తూటా వలెనే చేయగలిగినచో గుండ్లు తక్కువగా చెదరును.

ఎంత తక్కువగా? 200 మీటర్ల దూరమునకు సెకనుకు 800 మీటర్ల వేగముతో పోవు గుండు, గాలి నిరోధమును విడిచి లెక్కించినచో, పావు సెకనులో చేరును. ఆ లోపల భూమ్యాకర్షణ వలన 30.6 సెంటీమీటర్లు దిగును. వేగము 790 అయినచో 31.4 సెంటీమీటర్లు దిగును. భేదము 8 మిల్లీమీటర్లు. సామాన్యునకిది అల్పము, పోటీలో గెలుపు ఓటములు దీనిపైననే ఆధారపడును. వేగములోని ఇట్టి సూక్ష్మభేదములను కొలుచుటకు బెల్జియము ఫిరంగిదళాధికారి ల బూలంజె 1860 దశకమున ఒక యంత్రమును నిర్మించెను. గుండు మొదటి తీగను తెంపగానే ఒక కడ్డీ క్రిందికి పడసాగును. రెండవ తీగ తెగగానే ఒక కత్తి ఆ కడ్డీపై గాటు వేయును. కడ్డీ పడిన దూరమును బట్టి కాలమును లెక్కింతురు.

అమెరికాలో స్థిరపడిన జర్మనులు 200 గజముల గురిపోటీలను ఎంతో ఇష్టముతో జరుపుచుండిరి. అచట కొందరు ఒకే గుల్లను దినమంతయు వాడి, ప్రతి పేల్పునకు దానినే మరల నింపుకొనెడివారు. హారీ పోపు అను గొట్టముల నిపుణుడు సీసపు గుండును రైఫిలు మూతి నుండియే లోనికి దించు ఉపాయమును బాగుగా అభివృద్ధి చేసెను. ఇట్లు దించినచో గుండు అడుగుభాగపు అంచు చెడదు. అడుగు బాగుగా నుండవలెనని వారు అనుభవము వలన ఎరుగుదురు. ఎందుకు అను ప్రశ్న మిగిలినది.

ఆ ప్రశ్నను చేపట్టినవాడు మసాచుసెట్సులోని మిల్‌ఫర్డు నివాసి, వైద్యవిద్య చదివిన ఫ్రాంక్లిన్ మాన్. అతడు తన సొంత ధనముతో సంవత్సరముల తరబడి ప్రయోగములు సాగించెను. పేల్చువాని దోషము రాకుండుటకై గొట్టమును గట్టి పీఠముపై నిలిపెను. రాబిన్సు, విట్‌వర్తుల వలెనే ఇతడును కాగితపు తెరలను వరుసగా నిలిపి, ప్రతి రంధ్రమును కొలిచెను. పోపు గొట్టములను చేసియిచ్చెను. మాన్ కావలెనని కొన్ని గుండ్ల ముక్కును, కొన్నింటి అడుగును చెడగొట్టి పేల్చెను. ముక్కు చెడినవి చాలవరకు బాగుగనే పోయెను. అడుగు చెడినవి దారి తప్పెను. కారణమేమనగా, గుండు గొట్టము వీడు క్షణమున వెనుకనున్న వాయువులు అంచు చెడిన వైపు నుండి ముందుగా బయటికి చిమ్మి, గుండును ఒరగజేయును.

గుండు గురుత్వకేంద్రము సరిగా నడుమ లేకపోవుట మరియొక దోషము. సెకనుకు 800 మీటర్ల వేగముతో పోవుచు, 25.4 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిరుగు గుండు సెకనుకు సుమారు 3,150 చుట్లు తిరుగును. గురుత్వకేంద్రము నడిమి నుండి మిల్లీమీటరులో నూరవ వంతు తొలగినను, గొట్టము వీడగానే గుండునకు ప్రక్కకు సెకనుకు 20 సెంటీమీటర్ల వేగము కలుగును. 100 మీటర్లు పోవునప్పటికి అది దాదాపు రెండున్నర సెంటీమీటర్లు తొలగిపోవును. గుండ్లను ఒక్కొక్కటిగా పరీక్షించి ఏరుకొనుట చాదస్తము కాదని దీని వలన తెలియుచున్నది.

అంతటితో దోషములన్నియు తొలగినవా? లేదు. తెలిసిన కారణములను తీసివైచిన తరువాతను కొంత చెదరుట మిగిలెను. మాన్ దానిని దాచలేదు. అంతుపట్టని ఆ శేషమునకు ఎక్స్ దోషమని పేరిడి, జయములతో పాటు అపజయములను గూడ 1909లో ప్రచురించిన తన గ్రంథమున వివరించెను.

గొట్టము కంపించుట చెదరుటకు మరియొక కారణము. మాలక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1901లో రైఫిలు గొట్టముల కంపనములను గూర్చి రాయల్ సొసైటీకి తెలియజేసెను. పేలుడుతో గొట్టము మీటిన తీగ వలె ఊగును. లోలకము ఊపు చివర క్షణకాలము ఆగినట్లుండును కదా. గొట్టపు మూతి అట్టి స్థితిలో నుండగా గుండు వెడలినచో, కాలములో స్వల్పభేదమున్నను దిక్కు అంతగా మారదు. రైఫిలును శ్రుతి చేయుటయని గురికాండ్రు చెప్పు దానిలో ముఖ్యభాగమిదియే.

1947లో అమెరికాలో బల్లపై రైఫిలునుంచి పేల్చు పోటీలు వ్యవస్థితముగా మొదలైనవి. 1951లో దానికొక జాతీయ సంఘమేర్పడినది. ఇచట పరీక్ష బలమునకు కాదు, ఏకరూపతకు. గుల్లలను తూచి వేరుచేయుదురు. మందును సమముగా కొలుతురు. గుండును ప్రతి తూటాలోను ఒకే లోతున కూర్చుదురు. ఒక సమయమున ఒక అంశమునే మార్చి, తక్కినవానిని స్థిరముగా నుంచి ఫలితమును వ్రాసికొందురు. ఇది ప్రమాదముతో కూడిన పని. మందు పొరపాటున హెచ్చినచో పీడనము పెరిగి తుపాకియే పగులవచ్చును. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము అనుమతి లేక దీనిని చేయుట నేరము.

కాని దీనిలోని సూత్రమునకు తుపాకితో పని లేదు. దారమునకు వ్రేలాడదీసిన మట్టిముద్దపైకి గోళీని విసరి రాబిన్సు లోలకమును తరగతిలోనే చూపవచ్చును. పది మారులు చేసి, వచ్చిన పది ఫలితములను పలకపై వ్రాసినచో అవి సమానముగా నుండవు. ఎందుకు ఉండలేదని విద్యార్థులు తప్పక అడుగుదురు. కారణములను ఒక్కొక్కటిగా తీసివైచి, మిగిలిన శేషమును దాచక వ్రాసియుంచుట ఆ ప్రశ్నకు సమాధానము వెదకు మార్గము. కాగితపు తెరల నడుమ మాన్ నడచిన మార్గమును అదియే.