లెక్కలు తెలిసిన కామ్రేడ్

1985 వేసవి మన బ్యాచ్‌కు బాగా గుర్తుండాలి. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, ఫలితాల కోసం చూస్తున్నాం. ఆ మే నెలలో ఒక పొద్దున్న మా నాన్న టీ తాగుతూ పేపరు చదివి, మడిచి పక్కన పెట్టి, "సొంత ఆస్తి పంచేసినాయన పోయాడురా" అన్నారు. మే 19న మద్రాసులో పుచ్చలపల్లి సుందరయ్యగారు కన్నుమూశారు.

మా నాన్న కమ్యూనిస్టు కాదు. ఊరి పెద్దలు ఎవరికి వేయమంటే వారికి ఓటు వేసిన మనిషి. కానీ మాది ఉక్కు ఫ్యాక్టరీ కింద భూములు పోయిన కుటుంబం. మన తరగతిలో సగం మందిమి అలాంటి ఇళ్ల పిల్లలమే. భూమి పోగొట్టుకున్నవాడు, భూమి తనంతట తానే వదులుకున్నవాడి గురించి మాట్లాడితే ఆ మాటకు వేరే బరువు ఉంటుందని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు మాస్టార్ల జ్ఞాపకాలు అందరూ రాస్తారు గదా అని, నేను ఆయన గురించి రాస్తున్నాను.

సుందరయ్యగారు 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. మేడే నాడు పుట్టడం కాకతాళీయమే గానీ ఆయన అభిమానులు దాన్ని అలా వదిలిపెట్టరు. భూములున్న రెడ్ల కుటుంబం. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. ఆ చివరి రెండక్షరాలను తర్వాత ఆయనే తీసేసుకున్నారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ 1930లో చదువు వదిలి ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకు వెళ్లారు. బయటికి వచ్చాక సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు, అంటే తన బంధువుల పొలాల్లో పనిచేసే వాళ్లనే. అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు పార్టీలోకి వచ్చి, ఆంధ్రలోనే కాక దక్షిణాది అంతటా పార్టీని నిలబెట్టిన వాళ్లలో ముఖ్యుడయ్యారు. తన వాటాకు వచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు. 1943లో లీలగారిని పెళ్లి చేసుకున్నారు. పిల్లలు వద్దని ఇద్దరూ అనుకుని, ఆయన ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ రోజుల్లో, ఆ కుటుంబాల్లో, మగవాడు! ఇప్పటికీ మన కాలనీల్లో ఎంతమంది ఒప్పుకుంటారో మీరే చెప్పండి.

తెలంగాణ సాయుధ పోరాటం గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు. ఆయన లెక్క ప్రకారం దాదాపు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పేదలకు పంచారు, 4,000 మంది ప్రాణాలు కోల్పోయారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. నిజాం పోయి భారత సైన్యం వచ్చాక కూడా తుపాకులు దించకపోవడం సరైనదేనా అన్నది ఆ పార్టీలోనే తేలని తగువు. నా మటుకు, విరమణ ఇంకా ముందే జరిగి ఉంటే ఎన్నో ప్రాణాలు మిగిలేవనే అనిపిస్తుంది. కానీ ఆ పోరాటం గురించి 1972లో అంత లావు పుస్తకం రాసినప్పుడు దాని పేరులోనే 'గుణపాఠాలు' అన్న మాట పెట్టుకున్న మనిషి ఆయన. నాయకులు పుస్తకం రాస్తే విజయాలే ఉంటాయి గదా మామూలుగా.

అజ్ఞాతవాసం నుంచి బయటికి వచ్చిన 1952లోనే రాజ్యసభకు వెళ్లారు. ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు తొక్కుకుంటూ వెళ్లేవారు. ఈ సైకిలు కథ ఎంత ప్రసిద్ధి అయిందంటే మిగతా మనిషి దాని వెనకాల మరుగున పడిపోయాడు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో అధికారం తమదే అనుకున్న కమ్యూనిస్టులు 196 స్థానాల్లో 15 మాత్రమే గెలిచారు. ఆ 15లో గన్నవరం ఒకటి, అక్కడ గెలిచింది ఈయన. అంత పెద్ద దెబ్బ తిన్న పార్టీని అసెంబ్లీలో నిలబెట్టింది ఆయన నోట్లోని అంకెలే. ఏ ప్రాజెక్టు కింద ఎంత ఆయకట్టు, ఎంత నీరు వృథాగా సముద్రంలో కలుస్తోంది, బడ్జెట్‌లో చూపింది ఎంత, ఖర్చయింది ఎంత అని ఆయన లేచి నిలబడితే మంత్రులు కాగితాలు వెతుక్కోవలసిందే.

ఇక మన గాజువాక సంగతి. 1946లోనే ఆయన 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' రాశారు. తెలుగువాళ్లందరికీ ఒక రాష్ట్రం, అందులో భూమి దున్నేవాడికి, పరిశ్రమలు ప్రజలవి అన్నది అందులోని కల. 1956 నవంబరు 1న రాష్ట్రం వచ్చింది. సరిగ్గా పదేళ్లకు, 1966 నవంబరు 1న, విశాఖలో ఉక్కు కోసం రోడ్డెక్కిన జనం మీద కాల్పులు జరిగాయి. అప్పటికి తమనంపల్లి అమృతరావుగారు దీక్షకు కూర్చుని రెండు వారాలు దాటింది. రాష్ట్రం మొత్తం మీద ఆ ఉద్యమంలో 32 మంది చనిపోయారు. కమ్యూనిస్టులతో సహా ప్రతిపక్షాలకు చెందిన 67 మంది శాసనసభ్యులు, 7గురు పార్లమెంటు సభ్యులు రాజీనామా చేశారు. 1964 చివర్లో అరెస్టయిన సుందరయ్యగారు జైలు నుంచి బయటికి వచ్చింది ఆ 1966లోనే. అప్పటికే పార్టీ రెండుగా చీలింది, సీపీఎంకు ఆయనే ప్రధాన కార్యదర్శి. ఒకరినొకరు తిట్టుకుంటున్న రెండు కమ్యూనిస్టు పార్టీలూ ఉక్కు దగ్గర మాత్రం ఒకే వైపు నిలిచాయి.

1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత జరిగింది మన ఇళ్ల కథ. 64 గ్రామాలు లేచిపోయాయి. నష్టపరిహారం, ఆర్ కార్డు, కాలనీలో స్థలం, ఉద్యోగం కోసం ఎదురుచూపు. కార్డు ఉండి ఉద్యోగం రాని అన్నదమ్ములు ఎందరో మీకు తెలుసు. ఫ్యాక్టరీ కావాలని ప్రాణాలిచ్చినవారి పేర్లు మనకు తెలుసు, ఫ్యాక్టరీకి ఊళ్లిచ్చినవారి పేర్లు ఎక్కడా రాసి లేవు.

సుందరయ్యగారు నాకు దగ్గరైంది ఇక్కడే. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగంలో చేరాక ఒకసారి పని మీద హైదరాబాదు వెళ్లి, సాయంత్రం ఖాళీ దొరికితే బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరిట ఉన్న విజ్ఞాన కేంద్రానికి వెళ్లాను. అక్కడ లైబ్రరీలో 1977 నాటి 'సోషల్ సైంటిస్ట్' పత్రికలో ఆయన వ్యాసం చదివాను. 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో చేసిన సర్వే. ఎవరికి ఎంత భూమి, ఎవరు తమ చేలో తామే దిగుతారు, ఎవరు కూలీలతో చేయిస్తారు, ఎవరు కూలికి పోతారు, అన్నీ పట్టికలు. అఖిల భారత పార్టీ ప్రధాన కార్యదర్శి, అరవై దాటిన మనిషి, ఒక ఊరి కుటుంబాల లెక్క తీయిస్తున్నాడు! భూసంస్కరణల గురించి ఉపన్యాసాలిస్తే సరిపోయే స్థాయిలో ఉండి కూడా, ముందు కొలిచి చూద్దాం అనుకున్నాడు. నా వృత్తిలో దానికి విలువ తెలుసు. కొలత తీయకుండా డ్రాయింగ్ గీసినవాడి పని ఏమవుతుందో నేను చూశాను.

ఆయన తన పార్టీని కూడా అలాగే కొలిచారు. ఎమర్జెన్సీ వచ్చాక, జనసంఘ్‌తో కలిసి పనిచేయాలన్న మెజారిటీ నిర్ణయాన్ని ఒప్పుకోలేక, కారణాలన్నీ వరసగా రాసి ప్రధాన కార్యదర్శి పదవి నుంచి తప్పుకుంటానన్నారు. అయినా పార్టీ వదలలేదు, వేరు కుంపటి పెట్టలేదు. ఎమర్జెన్సీ మీద పోరాటంలో అందరూ కలవవలసిందే గదా అన్నవాళ్ల వాదనలోనూ బలముందని నేను అనుకుంటాను. ఐతే పదవి చేతిలో ఉండగా, నా మాట ఓడిపోయింది కనుక నేను ఇక్కడ కూర్చోకూడదు అన్నవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనకు కార్యకర్తలను వెంటబెట్టుకుని సహాయానికి దిగారు. మరుసటి ఏడు గన్నవరం నుంచి మళ్లీ అసెంబ్లీకి వచ్చారు.

హైదరాబాదు నుంచి తిరిగొచ్చాక మా నాన్నను కూర్చోబెట్టి, పోయిన మా ఊరి లెక్క రాయడం మొదలుపెట్టాను. వీధి వారీగా, ఎవరి ఇల్లు, ఎంత భూమి, మెట్ట ఎంత, పల్లం ఎంత, పాలేరు ఎవరు, ఏ కాలనీకి పోయారు. మొదటి వీధి గడగడా చెప్పారు. రెండో వీధిలో జీడితోట పక్క ఇంటి దగ్గర ఆగి, "ఆడి పేరేదిరా..." అని చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయారు. తర్వాత రాద్దాంలే అన్నాను. 2021లో ప్లాంటును అమ్మేస్తారని ప్రకటన వచ్చి కూర్మన్నపాలెంలో శిబిరం వేసేనాటికి ఆయన లేరు.

ఆ నోటుబుక్కులో 43 ఇళ్లు ఉన్నాయి. ఇంకా సగం పైగా మిగిలాయి. స్వర్ణోత్సవం రోజు దాన్ని బడికి తెస్తాను. ఆ 64 ఊళ్లలో మీది ఏదైనా సరే, ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందుగా అడిగి కాగితం మీద రాసుకుని రండి. భూమి లేని ఇళ్లను వదిలేయకండి. వాళ్లకు నష్టపరిహారం కాగితం కూడా ఉండదు.