నౌపడ తెలుపు

ఫిబ్రవరి తెల్లవారుజాము. నరసన్నపేట బస్టాండు ఎదుట ఒక్క టీకొట్టే తెరిచి ఉంది. గ్లాసు వేడి చేతికి తగులుతుండగానే తాగేసి బండెక్కుతాం. హైవే నిండా పొగమంచు. ఎదురొచ్చే లారీ పక్కకు వచ్చేదాకా లైట్లు తప్ప లారీ కనబడదు. కోటబొమ్మాళి దాటాక ఎడమచేతి వైపు కొండలు ఒక్కొక్కటే తేలుతాయి. టెక్కలి దగ్గర హైవే వదిలి సముద్రం వైపు తిరగగానే గాలి మారుతుంది. పొలాల తడివాసన పోయి ముక్కుకు ఉప్పు తగులుతుంది. నౌపడ వచ్చేశాం.

బండి ఆపి గట్టు మీదికి నడుస్తాం. చెప్పుల కింద మట్టి జారుతోంది. మడి పక్కన మడి, మధ్యన సన్నని గట్లు, గట్ల మీద గీకి పోసిన ఉప్పు కుప్పలు. నీళ్ళలో కదలిక లేదు. వెలుతురు ఇంకా నీలంగా ఉంది కాబట్టి కుప్పలూ నీలంగానే ఉన్నాయి. ఉత్తరం వైపు ముఖం పెట్టి నిలబడితే కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు తూర్పు కనుమలు, మధ్యలో ఈ తంపర నేల. కంటికి అడ్డొచ్చేది ఏదీ లేదు.

ఇప్పుడు నార్వేకి ఉత్తరాన, స్వాల్‌బార్డ్ దీవుల్లో, లాంగియర్‌బైన్ ఊరు చీకట్లోంచి బయటపడుతూ ఉంటుంది. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి అక్కడ సూర్యుడు అస్తమించడం మానేస్తాడు, మళ్ళీ ఆగస్టు చివరికే. ఆ నాలుగు నెలల్లో యాత్రికుల ఓడలు మంచుపలకల మధ్యకు వెళ్తాయి. వాటి డెక్‌ల మీద ఈ రోజుకీ ఫిల్ము కెమెరాలు పట్టుకుని నిలబడేవాళ్ళున్నారు. అక్కడ డెక్ మీద నిలబడ్డవాడి అసలు పరీక్ష చలి కాదు. తెలుపు మీద తెలుపును, మంచు మీద ఆకాశాన్ని, దేని గరుకు దానికి చెడకుండా ఫిల్ము మీద నిలపడం. ఆ పరీక్ష మన జిల్లాలో ఈ గట్టు మీదే రాయొచ్చు.

సంచిలోంచి కెమెరా తీస్తాను. యాషికా మ్యాట్ 124జి. ముందు రెండు కటకాలు, ఒకటి చూడటానికి, ఒకటి తీయటానికి. మూత తెరిచి పైనుంచి కిందికి చూడాలి. గాజుపలక మీద బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. సూర్యుడు సముద్రం మీంచి కుడివైపు లేస్తున్నాడు, గాజులో ఎడమవైపు లేస్తున్నాడు. 120 రకం నలుపు తెలుపు చుట్ట, 12 బొమ్మలు. ఈ పూటకు ఇదొక్కటే. మొదటి బొమ్మ కొండలకు, పొగమంచు కరిగిపోకముందే.

ఎండ గట్టిపడింది. కుప్పలు నీలం వదిలి పసుపు, పసుపు వదిలి తెలుపు అయ్యాయి. చేతి మీటరును దగ్గరి కుప్ప వైపు తిప్పుతాను. 100 ఏఎస్ఏ ఫిల్ముకు, సెకనులో 125వ వంతుకు, ఎఫ్ 22 పెట్టమంటోంది. మీటరుకు ఎదుట ఉన్నది ఉప్పో బొగ్గో తెలీదు. ఏది చూపించినా మధ్యరకం బూడిద రంగనుకునే లెక్క చెబుతుంది. దాని మాట వింటే నౌపడ ఉప్పు సిమెంటు కుప్పయి వస్తుంది. అందుకే రెండు స్టాపులు తెరిచి ఎఫ్ 11 పెడతాను, అంటే మీటరు అడిగినదానికి నాలుగింతల వెలుతురు. ధ్రువప్రాంతంలో మంచుకు చేసేదీ ఇదే, ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు. అంతకు మించితే కుప్ప మీది పార గీతలు, గింజల నీడలు అన్నీ మాసిపోయి ఉత్త కాగితం మిగులుతుంది. మంచుకొండ ఫొటో చూసి కొండ ఎంత పెద్దదో అని అందరూ అబ్బురపడతారు. నేను ముందు చూసేది మంచు గరుకు. అది దక్కిందంటే తీసినవాడికి వెలుతురు తెలుసు.

అవతలి మడిలో నలుగురు పని మొదలెట్టారు. పొడుగు కర్ర చివర పలక బిగించిన పనిముట్టుతో మడి అడుగునుంచి ఉప్పును ఒడ్డుకు లాగుతున్నారు. ఆ గీకుడు చప్పుడు నీళ్ళ మీదుగా ఇక్కడిదాకా స్పష్టంగా వినిపిస్తోంది. తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దావిడ గంప దించి మన దగ్గరికి వస్తుంది.

“ఏటి బాబూ, సర్వేకొచ్చినారేటి?”

“కాదప్పా, ఫొటోలకి.”

“ఏదీ, సూపించు.”

“ఇందులో ఇప్పుడే కనబడదప్పా. ఇంటికెళ్ళి కడగాలి.”

ఆవిడ కెమెరా వెనకవైపు వంగి చూసి, అక్కడ తెర లేదని రూఢి చేసుకుని, నేను కెమెరా గురిపెట్టిన కుప్ప వైపు చూస్తుంది.

“అది మొన్నటిది. ఆరిపోనాది. ఇటు సూడు, ఇది ఇప్పుడు లాగినది. తడి. తడి ఉప్పు నల్లగుంటాది. మజ్జానం రా, అప్పుడు సూద్దువు తెలుపు.”

పక్కపక్కన పెట్టి చూస్తే గాని నా కంటికి ఆనని తేడా అది. ఆవిడ దూరం నుంచే చెప్పేసింది. మీటరు అటు తిప్పుతాను. తడి కుప్పకు ఎఫ్ 16 అంటోంది, ఒక స్టాపు తక్కువ. దానికీ రెండు స్టాపులు ఇస్తే లేని తెలుపు వస్తుంది. ఒక్క స్టాపు ఇస్తే మళ్ళీ ఎఫ్ 11. రెండు కుప్పల మీదా పడేది ఒకే ఎండ కనుక లెక్క ఒక్కచోటికే చేరింది. ఆరిన కుప్ప రెండో బొమ్మ, తడి కుప్ప మూడో బొమ్మ. నిన్న కురిసిన మంచుకూ, వందల ఏళ్ళుగా అణగి నీలం తిరిగిన హిమానీనదం మంచుకూ తేడా పట్టడం ఓడ మీది ఫొటోగ్రాఫరుకు ఎంత ముఖ్యమో, ఈ తడి పొడి తేడా ఇక్కడ అంత ముఖ్యం. నాకది నేర్పింది ఏ పుస్తకమూ కాదు.

ఈ మడుల పని నిదానం. పోటు మీద కాలవలోకి ఎక్కిన సముద్రపు నీరు ముందు పెద్ద మడుల్లో ఆగుతుంది. అక్కడినుంచి ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్ళుతూ ఎండకు చిక్కబడుతుంది. బామే కొలతలో 3 డిగ్రీల దగ్గర బయల్దేరిన నీరు 25కు చేరేసరికి అడుగున గింజ కడుతుంది. కెమెరాలోని ఫిల్ము మీద ఉన్నదీ ఒక లవణమే. వెండి, బ్రోమిన్ కలిసిన గింజలు జిలాటిన్‌లో పరుచుకుని ఉంటాయి. 1830లలో ఇంగ్లండులో హెన్రీ ఫాక్స్ టాల్బట్ మామూలు ఉప్పు కలిపిన నీళ్ళలో కాగితం ముంచి, ఆరబెట్టి, సిల్వర్ నైట్రేటు పూసి బొమ్మలు తెచ్చాడు. ఆ బొమ్మ ఎండకు మరీ నల్లబడిపోకుండా నిలపడానికీ మొదట చిక్కటి ఉప్పునీళ్ళే వాడాడు. ఈ సంగతి తెలిసినప్పటినుంచి ఉప్పుమడి ముందు కెమెరా తెరిచిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

గట్టు కింద, వేలెడు లోతు నీళ్ళలో, ఉల్లంకి పిట్టల గుంపొకటి పరిగెడుతోంది. నాలుగడుగులు వేసి, వంగిన ముక్కుతో బురద పొడిచి, మళ్ళీ నాలుగడుగులు. పక్కనే ఉన్న తేలినీలాపురానికి గూడబాతులు సైబీరియా నుంచి వస్తాయని చుట్టుపక్కల అందరూ అంటారు, పత్రికలూ రాస్తాయి. గూడబాతు దక్షిణాసియా పక్షి, మన చెట్ల మీదే గూడు కట్టి పిల్లల్ని లేపుతుంది. అసలు సైబీరియా ఉత్తరపు అంచున, చెట్టు మొలవని ఆర్కిటిక్ నేల మీద గుడ్డు పొదిగి చలికాలానికి మన తూర్పు తీరానికి దిగేది పిడికెడంత ఉండే ఈ వంకరముక్కు ఉల్లంకి. ఎవరూ బోర్డు పెట్టరు, చూడటానికి ఎవరూ రారు. నాలుగో బొమ్మ దీనికే. ఈ కటకంలో పిట్టలు చుక్కలంతే వస్తాయి. ఫరవాలేదు, దృశ్యంలో వాటి చోటు అంతే.

భావనపాడు వైపు కాలవ రేవులో ఫైబర్ బోటు సిద్ధంగా ఉంది. వలలు చూసుకోవడానికి మొగ దాకా వెళ్తున్నాయన మనల్నీ ఎక్కించుకుంటాడు. ఇంజను అందుకోగానే బోటు అడుగునుంచి అదురు మోకాళ్ళ దాకా పాకుతుంది. ఇక్కడ కెమెరాను బోటు అంచుకు ఆనించకూడదు, ఆనిస్తే అదురంతా కటకంలోకి వెళ్తుంది. మోకాళ్ళు కొద్దిగా వంచి, మోచేతులు డొక్కలకు అదిమి, కెమెరా తాడును మెడకు బిగించి నిలబడాలి. ఆర్కిటిక్ ఓడల్లోనూ ఇదే సూత్రం: రెయిలింగుకు ఆనుకోవద్దు, డెక్ మీద స్టాండు నమ్ముకోవద్దు, ఇంజను కొట్టుకుంటున్నంతసేపూ నీ ఒళ్ళే స్టాండు. సెకనులో 500వ వంతు, ఎఫ్ 5.6. గాజులో క్షితిజరేఖ కుడికి ఒరుగుతుంటే నేను ఎడమకు దిద్దబోతాను, తారుమారు గాజు కదా, ఇంకా ఒరుగుతుంది. చేతికి ఆ తిరకాసు పట్టుబడేదాకా మూడు అలలు వదిలేయాలి. నాలుగో అల మీద నొక్కాను. ఐదు. మళ్ళీ ఆరు.

గాలికి లేచిన తుంపర ముఖాన పడుతోంది. కెమెరాను చొక్కా లోపలికి లాక్కుంటాను. ఆర్కిటిక్‌లో అయితే చలికి ఫిల్ము పెళుసెక్కుతుంది, గబగబా తిప్పితే తెగుతుంది. ఆ పొడిగాలిలో రాపిడికి పుట్టే విద్యుత్తు ఫిల్ము మీద మెరుపు గీతలు గీస్తుంది. బ్యాటరీలు చచ్చుబడతాయి కాబట్టి వాటి అవసరం లేని మర షటర్ల పాత కెమెరాలే అక్కడ ప్రాణం నిలుపుతాయి. క్యాబిన్‌లోకి వెళ్ళేముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో మూట కట్టకపోతే వెచ్చని గాలిలోని తడి గాజంతా పట్టేస్తుంది. మనకు చలి లేదు. మన శత్రువులు తడి, ఉప్పు, బూజు. కటకం లోపల సాలెగూడులా అల్లుకునే బూజు కోస్తా ఊళ్ళ కెమెరాలన్నిటికీ తెలుసు.

ఆ మాటకొస్తే ఒక ఉదంతం నన్ను వదలదు. 1897లో స్వీడన్ వాడు ఆంద్రే, మరి ఇద్దరితో, స్వాల్‌బార్డ్ నుంచి బెలూనులో ఉత్తర ధ్రువానికి బయల్దేరాడు. బెలూను మంచు మీద కూలింది. వాళ్ళు వారాల తరబడి నడిచి క్విటోయా అనే దీవి చేరి అక్కడే చనిపోయారు. వాళ్ళలో నిల్స్ స్ట్రిండ్‌బెర్గ్ ఫొటోగ్రాఫరు. 33 ఏళ్ళ తర్వాత, 1930లో, ఒక నార్వే ఓడకు వాళ్ళ మకాం దొరికింది, శవాల దగ్గర ఫిల్ములూ దొరికాయి. స్టాక్‌హోమ్‌లో జాన్ హెర్ట్స్‌బెర్గ్ వాటిని కడిగితే 240 బొమ్మల్లో 93 బతికి బయటపడ్డాయి. కూలిన బెలూను పక్కన నిలబడ్డ మనుషులు, వాళ్ళ చుట్టూ అంతులేని తెలుపు. 33 ఏళ్ళు మంచు కాపాడింది. అదే చుట్ట మన తీరంలో, ఒక బీరువాలో, అన్ని వానాకాలాలు దాటి ఉండేది కాదు. మన పాత స్టూడియోల నెగెటివ్‌లు ఎన్ని పెట్టెల్లో అంటుకుపోయి అట్టలైపోయాయో తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది. పెళ్ళిళ్ళే కాదు, వాటి వెనక కనిపించే ఊళ్ళూ, చెరువు గట్లూ, చెట్లూ పోయాయి.

మొగ దగ్గర పడింది. దూరంగా మూలపేట వైపు క్రేన్లు కనిపిస్తున్నాయి. 2023 ఏప్రిల్‌లో అక్కడ పోర్టుకు శంకుస్థాపన జరిగింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజామున ఈ ప్రాంతంలో కూలిన చెట్లు ఎలా ఉండేవో చెప్పగలిగేవాళ్ళు ఉన్నారు, చూపించగలిగేవాళ్ళు తక్కువ. పోర్టు మంచి చెడ్డలు ఈ బోటులో తేలేవి కావు, ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్న ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. రేపు ఇక్కడ ఏం నిలబడినా, ఇవాళ ఏముండేదో చూపే నెగెటివ్ ఒకటి జిల్లాలో ఉండి తీరాలి. ఆర్కిటిక్‌లో కరిగిపోతున్న మంచు అంచును ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి తీస్తున్నారు. నౌపడ తంపరను తీయాల్సింది మనమే, ఇంకెవరూ రారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది: ఒడ్డు, క్రేన్లు, ఉప్పుమడులు ఒకే చట్రంలో. బోటాయన ఇంజను ఆపి వల అందుకుంటున్నప్పుడు నిశ్చలంగా మరో మూడు. చుట్ట అయిపోయింది.

దిగేటప్పుడు ఆయన్ని చేపల పెట్టెలోంచి గుప్పెడు ఐసు అడుగుతాం. కవరులో కట్టి ఇస్తాడు. దారిలో సగం కరిగిపోతుందని ఇంకో గుప్పెడు వేస్తాడు.

నరసన్నపేట. సాయంత్రం. స్నానాలగది తలుపు సందులకు దుప్పటి కట్టి, చీకట్లో వేళ్ళతో వెతుక్కుంటూ ఫిల్మును చక్రానికి ఎక్కించి డబ్బాలో మూసేస్తాను. డెవలపరు 20 డిగ్రీలుండాలి. కుళాయి నీళ్ళు 26 చూపిస్తున్నాయి. చేపల ఐసు పెట్టిన బేసిన్లో సీసా నిలబెట్టి థర్మామీటరు వైపు చూస్తూ కూర్చుంటాం. 24. 22. 20. పోస్తాను. నిమిషానికోసారి డబ్బా తిరగేయడం, కింద తట్టడం. తర్వాత హైపో. తర్వాత నీళ్ళు, చాలాసేపు.

తాడుకు క్లిప్పుతో వేలాడదీసి బల్బు వెలిగిస్తే అంతా తిరగబడి ఉంది. ఉప్పు నల్లగా, గట్టు పల్చగా, తడి కుప్ప పక్కన పెద్దావిడ ముఖం వెలుగుతూ. పాత స్టూడియోవాళ్ళ లెక్క ఒకటుంది: నెగెటివ్‌లో బాగా నల్లటి చోటు కింద వార్తాపత్రిక పెడితే అక్షరం చదవగలగాలి, అప్పుడే ప్రింటులో తెలుపు చచ్చిపోదు. ఆరాక పత్రిక మీద పరుస్తాను. రెండో బొమ్మ, ఆరిన కుప్ప: అక్షరం కష్టం మీద కనిపిస్తోంది. మూడోది, తడి కుప్ప: ఇంకా సులువుగా. పార గీతలు ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు. బోటులో తీసిన ఐదోది అలకు చెదిరింది, ఆరోది నిలబడింది. క్రేన్లున్న మూడింట్లో ఎనిమిదో దాన్ని పెద్దదిగా ప్రింటు చేయాలి.

ముక్కలుగా కోసి కవర్లో పెట్టి, పెన్సిలుతో తేదీ, ఊరు, నిలబడ్డ గట్టు, ముఖం పెట్టిన దిక్కు రాస్తాను. కవరుతోపాటు సిలికా జెల్ పొట్లం వేసి డబ్బా మూత బిగిస్తాను. తడి ఉప్పు సంగతి తేలింది. మధ్యాహ్నపు ఉప్పు ఆవిడ చెప్పినట్టు చూడాలంటే ఇంకో చుట్ట కావాలి, వానలు పడి మడులు మూతపడేలోపు.