ఆల్బినిజం

ఆల్బినిజం అనేది శరీరంలో మెలనిన్ అనే వర్ణద్రవ్యం తయారు కాకపోవడం వలన, లేదా చాలా తక్కువగా తయారు కావడం వలన కలిగే ఒక వంశపారంపర్య స్థితి. చర్మం, వెంట్రుకలు, కళ్ళు సహజమైన రంగును కోల్పోతాయి. ఈ పదం 'తెలుపు' అనే అర్థం గల లాటిన్ పదం నుండి వచ్చింది. ఇది పుట్టుకతోనే ఉంటుంది, జీవితాంతం కొనసాగుతుంది. ఇది అంటువ్యాధి కాదు. బొల్లి, కుష్టు వ్యాధులతో దీనికి ఎటువంటి సంబంధమూ లేదు.

కారణాలు

చర్మంలోని మెలనోసైట్లు అనే కణాలు మెలనిన్‌ను తయారు చేస్తాయి. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని టైరోసినేజ్ అనే ఎంజైము దశలవారీగా మెలనిన్‌గా మారుస్తుంది. ఆల్బినిజం గలవారిలో మెలనోసైట్లు మామూలు సంఖ్యలోనే ఉంటాయి, కాని జన్యులోపం వలన అవి వర్ణద్రవ్యాన్ని తయారు చేయలేవు. బొల్లిలో అలా కాదు. అందులో మామూలు రంగుతో పుట్టిన వ్యక్తికి తరువాతి కాలంలో కొన్నిచోట్ల మెలనోసైట్లు నశించి తెల్లమచ్చలు ఏర్పడతాయి.

జీవక్రియలలో పుట్టుకతో వచ్చే లోపాల గురించి 1908లో ఇంగ్లండుకు చెందిన వైద్యుడు ఆర్కిబాల్డ్ గారోడ్ చేసిన ప్రసిద్ధ ఉపన్యాసాలలో ఉదాహరణగా తీసుకున్న నాలుగు స్థితులలో ఆల్బినిజం ఒకటి.

సంక్రమించే విధానం

చర్మం, కళ్ళు రెండింటినీ ప్రభావితం చేసే ఆల్బినిజం అంతర్గత లక్షణంగా సంక్రమిస్తుంది. అనగా బిడ్డకు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున రెండు లోపజన్యువులు అందినప్పుడే అది బయటపడుతుంది. ఒకే లోపజన్యువు ఉన్నవారు మామూలు రంగుతోనే ఉంటారు. వీరిని వాహకులు అంటారు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆల్బినిజం వచ్చే అవకాశం 25 శాతం, వాహకుడయ్యే అవకాశం 50 శాతం, లోపజన్యువే లేకుండా పుట్టే అవకాశం 25 శాతం ఉంటుంది. కనుక ఇటువంటి బిడ్డ పుట్టినప్పుడు తల్లిని మాత్రమే నిందించడం అశాస్త్రీయం.

ఆల్బినిజం గల వ్యక్తి అదే లోపజన్యువు లేని వారిని వివాహం చేసుకుంటే, పిల్లలందరూ వాహకులవుతారు గాని ఎవరికీ ఆల్బినిజం రాదు.

మేనరికంతో సంబంధం

తెలుగు ప్రాంతాలలో మేనరికపు వివాహాలు తరతరాలుగా వస్తున్న ఆచారం. మేనమామ, మేనకోడళ్ళ మధ్య, మేనత్త మేనమామల పిల్లల మధ్య సంబంధాలు కలుపుకోవడం అనేక కులాలలో ఉంది. ఆచారం ఉన్నచోట ఇటువంటి వివాహాలను 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా అంగీకరిస్తుంది.

ఆల్బినిజం 20,000 మందిలో ఒకరికి ఉండే జనాభాలో సుమారు 70 మందిలో ఒకరు వాహకులుగా ఉంటారు. కనుక ఒక వాహకుడు బయటి సంబంధం చేసుకుంటే, భార్య కూడా వాహకురాలయ్యే అవకాశం 70లో ఒక వంతు మాత్రమే. అదే వ్యక్తి అక్క కూతురిని చేసుకుంటే ఆ అవకాశం నాలుగింట ఒక వంతుకు, మేనమామ కూతురిని చేసుకుంటే ఎనిమిదింట ఒక వంతుకు పెరుగుతుంది. ఒకే పూర్వీకుల నుండి వచ్చిన ఒకే లోపజన్యువు ఇద్దరిలోనూ ఉండవచ్చుననేదే ఇందుకు కారణం.

అయితే మేనరికం దానంతట అది జన్యులోపాన్ని పుట్టించదు. దాగి ఉన్న లోపం బయటపడే అవకాశాన్ని మాత్రమే పెంచుతుంది. మేనరికపు దంపతుల పిల్లలలో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. దగ్గరి బంధుత్వం లేని దంపతులకు కూడా ఆల్బినిజం గల బిడ్డ పుట్టవచ్చు. కుటుంబంలో ఇదివరకే ఇటువంటివారు ఉన్నప్పుడు వివాహానికి లేదా గర్భధారణకు ముందు జన్యు సలహా తీసుకోవడం మంచిది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యుశాస్త్ర సంస్థ, డి.ఎన్.ఎ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రం (సి.డి.ఎఫ్.డి.) జన్యు వ్యాధుల రంగంలో పనిచేస్తున్నాయి.

రకాలు

* మొదటి రకం: టైరోసినేజ్ జన్యువులోని లోపం వలన కలుగుతుంది. ఎంజైము పూర్తిగా పనిచేయనివారిలో వెంట్రుకలు జీవితాంతం తెల్లగానే ఉంటాయి.
* రెండవ రకం: 15వ క్రోమోజోముపై ఉన్న జన్యువులోని లోపం వలన కలుగుతుంది. కొంత వర్ణద్రవ్యం ఉంటుంది. ఆఫ్రికాలో ఎక్కువ.
* మూడవ రకం: చర్మం, వెంట్రుకలు ఎరుపు కలిసిన గోధుమరంగులో ఉంటాయి.
* నాలుగవ రకం: రెండవ రకాన్ని పోలి ఉంటుంది. జపానులో ఎక్కువగా గుర్తించారు.
* నేత్ర ఆల్బినిజం: ప్రధానంగా కళ్ళకే పరిమితం. ఎక్స్ క్రోమోజోము ద్వారా సంక్రమించడం వలన ఎక్కువగా మగపిల్లలలో కనిపిస్తుంది.

అరుదుగా ఆల్బినిజంతో పాటు ఇతర సమస్యలు కూడా ఉంటాయి. హెర్మాన్‌స్కీ-పుడ్లాక్ సిండ్రోములో రక్తస్రావం త్వరగా ఆగదు. చెడియాక్-హిగాషి సిండ్రోములో రోగనిరోధక శక్తి తగ్గుతుంది.

లక్షణాలు

చర్మం కంటే కంటిచూపు సమస్యే దైనందిన జీవితంలో ఎక్కువ ఇబ్బంది కలిగిస్తుంది. రెటీనా మధ్యభాగం పూర్తిగా అభివృద్ధి చెందదు. కంటి నుండి మెదడుకు వెళ్ళే నాడీతంతువుల అమరిక కూడా భిన్నంగా ఉంటుంది. అందువలన చూపు తగ్గడం, కనుగుడ్లు అదేపనిగా కదలడం, మెల్లకన్ను, వెలుతురు భరించలేకపోవడం కనిపిస్తాయి. కళ్ళద్దాలు కొంత మేలు చేస్తాయి గాని చూపును పూర్తిగా సరిచేయలేవు. కళ్ళు ఎర్రగా ఉంటాయనేది అపోహ. ఎక్కువమందికి నీలం, బూడిద లేదా లేత గోధుమరంగు కళ్ళు ఉంటాయి.

మెలనిన్ రక్షణ లేని చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. ఏళ్ళ తరబడి ఎండ తగిలితే చర్మ క్యాన్సరు వచ్చే ప్రమాదం ఎక్కువ. దీనిని మినహాయిస్తే, సిండ్రోములు లేనివారి ఆయుర్దాయం, తెలివితేటలు అందరితో సమానంగానే ఉంటాయి.

దక్షిణ తెలంగాణ పరిస్థితులు

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఎండలు తీవ్రం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉన్న హుజూర్‌నగర్ (2016 వరకు నల్గొండ జిల్లా, ఆ తరువాత సూర్యాపేట జిల్లా) పరిసరాలలో వరినాట్లు, మిరపకోత, పత్తి ఏరడం వంటి పనులన్నీ ఆరుబయట జరిగేవే. ఆల్బినిజం గలవారికి ఇటువంటి కూలిపని నేరుగా ప్రాణాపాయానికి దారి తీయవచ్చు. నీడపట్టున చేయగల ఉపాధి కావాలంటే చదువు అవసరం, కాని నల్లబల్ల కనిపించని పిల్లవాడిని మందబుద్ధిగా పొరబడితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. అందువలన చూపు లోపాన్ని బడి వయసు కంటే ముందే గుర్తించడం ముఖ్యం. 2019లో నల్గొండ, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి.

జాగ్రత్తలు

ఆల్బినిజాన్ని పూర్తిగా నయం చేసే చికిత్స లేదు. అయితే దాని వలన కలిగే నష్టాలలో చాలావాటిని నివారించవచ్చు.

* పగటిపూట, ముఖ్యంగా 10 నుండి 4 గంటల మధ్య, ఎండలో తిరగకపోవడం.
* పొడుగు చేతుల దుస్తులు, వెడల్పు అంచు టోపీ, గొడుగు, నల్ల కళ్ళద్దాలు వాడడం.
* ఎస్.పి.ఎఫ్. 30 లేదా అంతకంటే ఎక్కువ గల సన్‌స్క్రీన్ లేపనం రాసుకోవడం.
* మానని పుండు, కొత్త గడ్డ కనిపిస్తే వెంటనే చర్మవైద్యునికి చూపించడం.
* తరగతిలో ముందు వరుసలో కూర్చోబెట్టడం, పెద్ద అక్షరాల పుస్తకాలు, భూతద్దాలు సమకూర్చడం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, అద్దాలతో సరిదిద్దిన తరువాత కూడా మెరుగైన కంటి చూపు 6/18కి మించనివారు అల్పదృష్టి గలవారి కిందకు రావచ్చు. వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ అని ధ్రువపత్రం పొందినవారు రిజర్వేషన్లకు అర్హులు.

జంతువులలో

ఆల్బినిజం చేపల నుండి క్షీరదాల వరకు అనేక జంతువులలో కనిపిస్తుంది. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కాల్కసీయు సరస్సులో 2007లో మొదటిసారి కనిపించిన గులాబీరంగు డాల్ఫిన్ ఆ తరువాత ఎన్నో ఏళ్ళు జీవించింది. చర్మం కింది రక్తనాళాల వలన అది ఆ రంగులో కనిపించేది. డాల్ఫిన్లు శబ్దతరంగాల ప్రతిధ్వనితో దారిని, ఆహారాన్ని గుర్తిస్తాయి కనుక చూపు తగ్గినా వాటికి మరో ఆధారం ఉంటుంది. గులాబీరంగు డాల్ఫిన్లన్నీ ఆల్బినోలు కావు. అమెజాన్ నది డాల్ఫిన్లకు ఆ రంగు సహజం.

బార్సిలోనా జంతుప్రదర్శనశాలలో 1966 నుండి 2003 వరకు జీవించిన తెల్ల గొరిల్లా 'స్నోఫ్లేక్' చర్మ క్యాన్సరుతో మరణించింది. దాని తల్లిదండ్రులు మేనమామ మేనకోడళ్ళ వంటి దగ్గరి బంధువులై ఉండవచ్చునని 2013లో ప్రచురించిన జన్యు అధ్యయనం సూచించింది.

సామాజిక దృక్పథం

గర్భిణి గ్రహణం చూడడం వలన, పూర్వజన్మ పాపం వలన ఇటువంటి పిల్లలు పుడతారనే నమ్మకాలకు ఆధారం లేదు. కుంకుమపువ్వు పాలు తాగినా, తాగకపోయినా బిడ్డ జన్యువులు మారవు. టాంజానియా వంటి దేశాలలో మూఢనమ్మకాల వలన ఆల్బినిజం గలవారిపై హత్యలు, దాడులు జరిగాయి. ఈ నేపథ్యంలో ఐక్యరాజ్య సమితి జూన్ 13ను అంతర్జాతీయ ఆల్బినిజం అవగాహన దినంగా ప్రకటించింది. 2015 నుండి దీనిని ఏటా జరుపుతున్నారు.