సంక్రాంతి (కృష్ణా డెల్టా)

సంక్రాంతి సూర్యుడు మకర రాశిలో ప్రవేశించే సందర్భంగా ఏటా జనవరి 14 లేదా 15న జరిగే పంటల పండుగ. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాల్లో దీన్ని పెద్దపండుగ అంటారు. భోగి, సంక్రాంతి, కనుమ మూడూ ఆంధ్రప్రదేశ్‌లో సెలవు దినాలే.

వ్యవహారంలో ఉత్తరాయణం సంక్రాంతి రోజే మొదలైనా, ఖగోళరీత్యా అది డిసెంబరు 21 లేదా 22న వస్తుంది. సుమారు 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజు పడేవి. అయన చలనం వల్ల దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం పెరిగింది.

డెల్టాలో కాలువల కింద పండే సార్వా (ఖరీఫ్) వరి పండుగ నాటికి ఇంటికి చేరుతుంది. ఆ కాలువలకు నీరిచ్చేందుకు కృష్ణపై తొలి ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది.

డిసెంబరు నడుమ మొదలయ్యే ధనుర్మాసమంతా ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసులు, గంగిరెద్దులవాళ్లు కనిపిస్తారు. భోగి తెల్లవారుజామున మంటలు వేస్తారు; సాయంత్రం పిల్లలకు రేగిపళ్లు, చెరకు ముక్కలు, చిల్లర కలిపి భోగిపళ్లు పోస్తారు. బొమ్మల కొలువును రాయలసీమలో దసరాకు పెడితే ఇక్కడ సంక్రాంతికి పెడతారు. అందులో తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలకు చోటుంటుంది. సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టి, కొత్త బియ్యంతో పొంగలి, అరిసెలు వండుతారు. కనుమ పశువులది; ఆ రోజు మినపగారెలు తప్పనిసరి, ప్రయాణాలు నిషిద్ధం.

పండుగ రోజుల్లో జరిగే కోడిపందేలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అయినా ఏటా జరుగుతూనే ఉన్నాయి.