పొగను హరించు గోడలు

తెల్లని నూనెరంగు వేసిన తలుపును కొన్నేండ్ల తరువాత తాకినచో వేళ్లకు సుద్దవంటి పొడి అంటుకొనుట మన మెరిగినదే. టైటానియం డయాక్సైడు అను తెల్లని చూర్ణము కలిసిన రంగులు 1920 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినప్పుడు ఈ లోపము తయారీదారులకు పెద్ద చిక్కు తెచ్చెను. రంగును పట్టియుంచు నూనె ఎండకు చెడి, చూర్ణము రాలిపోవుచుండెను. నూనెను చెరచుటలో ఎండకు ఆ చూర్ణమే తోడ్పడుచున్నదని క్రమముగా తేలినది. భీమునిపట్నము తీరపు నల్ల ఇసుకలోని ఇల్మనైటునుండియు లభింపగల ఈ సామాన్య పదార్థమునకు అట్టి శక్తి యెక్కడిది?

1938లో లండనులో గుడీవ్, కిచెనర్ అను రసాయనజ్ఞులు ఈ చూర్ణము వెలుగులో, గాలి సమక్షమున, అద్దకపు రంగులను వెలవెలబోవజేయునని చూపిరి. చూర్ణము మాత్రము మారలేదు. తాను మారక ఇతర పదార్థముల మార్పును త్వరపరచు దానిని ఉత్ప్రేరక మందుము. వెలుగు సోకినప్పుడే పనిచేయునది కాంతి ఉత్ప్రేరకము.

దీని పని యిట్లు జరుగును. సుమారు 400 నానోమీటర్లకంటె తక్కువ తరంగదైర్ఘ్యముగల కాంతి ఈ చూర్ణముపై పడినప్పుడు ఒక ఎలక్ట్రాను తన స్థానమును విడిచి పైస్థాయికి పోవును. ఆ ఖాళీ స్థానమును రంధ్ర మందురు. రంధ్రము నీటి తేమనుండి ఎలక్ట్రానును లాగుకొనగా, మిగుల చురుకైన హైడ్రాక్సిల్ రాడికలు పుట్టును. విడిపోయిన ఎలక్ట్రాను గాలిలోని ఆక్సిజనును చేరి దానిని గూడ చురుకుపరచును. ఇవి దగ్గరనున్న సేంద్రియ పదార్థమును ఛేదించును.

1967లో టోక్యో విశ్వవిద్యాలయమున కెనిచి హోండా వద్ద పరిశోధన చేయుచున్న విద్యార్థి అకిరా ఫుజిషిమా, టైటానియం డయాక్సైడు స్ఫటికమును, ప్లాటినమును తీగతో కలిపి నీటిలో ఉంచి, స్ఫటికముపై వెలుగు ప్రసరింపజేసెను. స్ఫటికమునుండి ఆక్సిజను, ప్లాటినమునుండి హైడ్రోజను బుడగలుగా వెడలెను. 1972లో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి వెలువడినది. మరుసటి యేట చమురు సంక్షోభము రాగా, సూర్యకాంతితో నీటినుండి ఇంధనము తీయవచ్చునని లోకము ఆశపడినది. కాని సూర్యకాంతిలో ఈ పదార్థమునకు పనికివచ్చు అతినీలలోహిత భాగము నూటికి కొద్దిపాళ్లు మాత్రమే. ఇంధనమునకు అది చాలలేదు.

అయితే గాలిలోను నీటిలోను మలినములు స్వల్పముగనే యుండును. వానిని ఛేదించుటకు కొద్ది వెలుగైనను చాలునని కొందరు తలచిరి. 1977లో అమెరికాలో ఫ్రాంక్, బార్డ్ అనువారు నీటిలోని విషపూరిత సయనైడును ఈ విధముననే మార్చి చూపిరి. 1990 తరువాత జపానులో పెంకులపై దీనిని పలుచని పొరగా పూసిరి. 2003లో రోమునగరమున రిచర్డ్ మేయర్ రూపకల్పనతో పూర్తియైన చర్చికి ఈ చూర్ణము కలిపిన తెల్లసిమెంటు వాడిరి. ఆ తెలుపు మాయకుండుటయే తొలి ఉద్దేశము. అట్టి సిమెంటు వాహనముల పొగలోని నైట్రోజన్ ఆక్సైడులను నైట్రేట్లుగా మార్చునని, వాన వానిని కడిగివేయునని పరీక్షలు తెలిపినవి.

ఇక నగరములన్నిట గోడలే పొగను హరించునా? ప్రయోగశాలలో పెట్టెలోని గాలి పూతను ఒరసికొనియే పోవును. వీధిలోనట్లు కాదు, గాలిలో అధికభాగము గోడను తాకకయే సాగిపోవును. రాత్రి వెలుగుండదు. మురికి పేరుకొన్న పూత మందగించును. ఇట్టి పూతలవలన వీధిగాలిలో నైట్రోజన్ డయాక్సైడు తగ్గుననుటకు తగిన ఆధారము లేదని బ్రిటిషు ప్రభుత్వ నిపుణుల సంఘము 2016లో తేల్చినది. పైగా, రంగులోని జిగురుపదార్థమే ఛేదింపబడి ఫార్మాల్డిహైడువంటి క్రొత్త మలినములు పుట్టవచ్చును. ఇది తొలినాటి సుద్దపొడి చిక్కే, వేరు రూపమున.

మూసిన గదిలో గాలిని పంకాతో పూతపైకి త్రోసి, దీపము వెలిగించు యంత్రములలో ఈ విద్యకు చోటు కలదు. అక్కడను పుట్టు మలినములను పరీక్షించుట అవసరము. వీధిలోని పొగను మాత్రము అది పుట్టినచోటనే అరికట్టవలెను. గోడపై ఆ భారము మోపుట తగదు.