కిట్‌లో ‘మంచి నీరే’ అని వచ్చింది.. మరి పురుగుమందుల సంగతేంటి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల వారికి తాగునీటిపై ఉన్న భయం ఈనాటిది కాదు. కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో శ్రమ.. అన్నిటిపైనా అనుమానాలున్నాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీటిని తెచ్చే రూ.700 కోట్ల పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఇంకా బోరు నీరే తాగుతున్న వారు మాత్రం ఈ విషయాలు తెలుసుకోవాలి.

ఊళ్లో చేసే పరీక్షలో ఏం తెలుస్తుంది?

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్‌పై శిక్షణ ఇస్తారు. పీహెచ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, క్లోరిన్ లాంటివి అందులో తెలుస్తాయి. పురుగుమందుల అవశేషాలు తెలియవు. వాటికి ప్రత్యేక యంత్రాలున్న ల్యాబ్ కావాలి. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి కానీ రసాయనాలు పోతాయని నమ్మలేం.

ఎంత వరకు ఉండొచ్చు?

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం లీటరు నీటిలో మోనోక్రోటోఫాస్ 1 మైక్రోగ్రాము, క్లోర్‌పైరిఫాస్ 30 మైక్రోగ్రాములు మించకూడదు. సీల్ వేసి అమ్మే ప్యాకేజ్డ్ నీటికైతే ఏ పురుగుమందైనా 0.1, అన్నీ కలిపి 0.5 మైక్రోగ్రాములే పరిమితి. తేడా అంకెల్లోనే కాదు. సీసా నీటి పరిమితిని ఆహార భద్రత చట్టం కింద పాటించి తీరాలి. కుళాయి నీటి ప్రమాణం మాత్రం మార్గదర్శకంగానే ఉంది.

నాన్‌స్టిక్ పూతల తయారీలో వాడుతూ వచ్చిన పీఫాస్ రసాయనాలకు ఆ 2012 ప్రమాణంలో పరిమితే లేదు. వాటిలో రెండింటికి అమెరికా 2024లో లీటరుకు 4 నానోగ్రాముల చొప్పున పరిమితి పెట్టింది.

ఫ్యాక్టరీల నీటి సంగతి?

పైడిభీమవరం లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో వ్యర్థ జలాలకు 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం వర్తిస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, అందులోని షరతులు లేకుండా నీటిని బయటకు వదలకూడదు.

మనం ఏం అడగాలి?

గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కు నమూనా ఇచ్చేటప్పుడు ‘పురుగుమందుల అవశేషాలు కూడా చూడండి’ అని అర్జీలో స్పష్టంగా రాయండి. అక్కడ ఆ సౌకర్యం లేకపోతే, ఉన్న ల్యాబ్‌కు పంపమని కోరండి. మీ ఊరి పాత నివేదికలు, ఫ్యాక్టరీ అనుమతి షరతులు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నివేదిక చేతికొచ్చాక ‘మంచి నీరు’ అన్న మాట ఒక్కటే చూడకండి. ఏయే పరీక్షలు చేశారో చూడండి.