గోరువెచ్చన నుంచి థర్మోస్టాట్ దాకా



మీ ఇస్త్రీపెట్టె మీద చిన్న దీపం ఉంటుంది. కాసేపు వెలుగుతుంది, కాసేపు ఆరిపోతుంది. ఫ్రిజ్ కూడా అంతే. కాసేపు గుర్రుమంటుంది, కాసేపు ఊరుకుంటుంది. మరి దాన్ని ఆపుతున్నది ఎవరు, మళ్ళీ నడిపిస్తున్నది ఎవరు? ఆ పని చేసే సాధనాన్ని థర్మోస్టాట్ అంటారు. ఈవేళ దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుందాం.

ఈ కథలో బీరు చేసేవాళ్ళ ప్రసక్తి ఎక్కువగా వస్తుంది. మొహం చిట్లించకండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద కొంగు బిగించిన సంగతి తెలిసినదాన్నే నేనూ. తాగుడుని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. పులియబెట్టడమనే వంటింటి విద్య ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో చెప్పాలని.

పూర్వం ఇంగ్లండులో రొట్టెతోపాటు బార్లీతో చేసే ‘ఏల్’ అనే పానీయం కూడా ఇల్లాలే తయారుచేసేది. మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్మేది. అలాంటి ఆడవాళ్ళని ‘బ్రూస్టర్’ అనేవారు. వాళ్ళ దగ్గర థర్మామీటరు లేదు. మరిగిన నీళ్ళ మీద ఆవిరి తగ్గి, అందులో తమ మొహం కనిపించినప్పుడు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ పిండిలో ఆ నీళ్ళు పోసేవారు. ఆ రసం ఒంటి వెచ్చదనానికి వచ్చాక ఈస్ట్ కలిపేవారు. మనం పాలు తోడుపెట్టేముందు వేలుపెట్టి చూడమూ, అలాగే. మన గోరువెచ్చన అనే మాటలోనే గోరు ఉంది చూశారా!

ఇంతకీ వేడి అంత ముఖ్యం ఎందుకంటారా? బార్లీలోని పిండిపదార్థం చక్కెరగా మారాలంటే నీళ్ళు కలిపిన ముద్ద 65 నుంచి 68 డిగ్రీల సెంటిగ్రేడులో ఉండాలి. మరీ వేడెక్కితే ఆ మార్పు తెచ్చే ఎంజైములు చచ్చిపోతాయి. తరవాత ఏల్ పులియడానికి 20 డిగ్రీలు, అటూ ఇటూ. ఎండకి వేడెక్కితే వాసన చెడుతుంది, చలి ఎక్కువైతే ఈస్ట్ నిద్రపోతుంది. చలికాలంలో మన దోసెల పిండి పులవక మొరాయించడం లాంటిదే ఇదీను.

1714లో ఫారన్‌హీట్ పాదరసం థర్మామీటరు తయారుచేశాడు. 1758లో మైకేల్ కోంబ్రూన్ అనే లండన్ బీరు తయారీదారు దాన్ని ఈ పనిలో వాడాలని పుస్తకం రాశాడు. హాంప్‌షైరులో జేమ్స్ బేవర్‌స్టాక్ అనే కుర్రాడు తండ్రి ఒప్పుకోడని భయపడి థర్మామీటరుని చాటుమాటుగా వాడేవాడట. అప్పటికే ఆ పని ఆడవాళ్ళ చేతుల్లోంచి చాలావరకు జారిపోయింది. కారణం థర్మామీటరు కాదు. 1400 తరవాత హాప్స్ అనే చేదుపూలు వేయడం వ్యాపించి, సరుకు ఎక్కువకాలం నిలవ ఉండసాగింది. పెద్ద కాగులు, పెద్ద పెట్టుబడి వచ్చాయి. డబ్బూ, అప్పు పుట్టే పరపతీ మగవాళ్ళ దగ్గరే ఉండేవి.

జర్మనీలోని బవేరియాలో బాధ ఇంకో రకం. అక్కడి బీరు చల్లగా పులియాలి. అంచేత 1553లో, ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాయకూడదని శాసించారు. చెరువుల్లో గడ్డకట్టిన మంచుని కోసి నేలమాళిగల్లో దాచుకునేవారు. 1873లో కార్ల్ ఫాన్ లిండే తన శీతలయంత్రాన్ని మ్యూనిక్‌లోని స్పాటెన్ బీరు కర్మాగారంలో పరీక్షించాడు. మన ఫ్రిజ్‌కి అదొక పెద్దమ్మ వంటిదన్నమాట.

యంత్రం చల్లబరుస్తుంది, సరే. ఎప్పుడు ఆగాలో దానికెవరు చెప్పాలి? 17వ శతాబ్దంలోనే కోర్నేలిస్ డ్రెబెల్ అనే డచ్చివాడు, కోడిగుడ్లు పొదిగించడానికి దానంతటదే వేడి సర్దుకునే పొయ్యి కట్టాడు. 1830లో ఆండ్రూ యూర్ అనే స్కాట్లండు రసాయనవేత్త రెండు లోహాల పట్టీలని జతచేశాడు. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ. దాంతో జత పట్టీ వంగుతుంది. థర్మోస్టాట్ అని పేరుపెట్టింది ఆయనే. మామూలు ఇస్త్రీపెట్టెలో ఈ పట్టీయే వంగి కరెంటు తెంపుతుంది. ఇక 1883లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వారెన్ జాన్సన్ అనే ఉపాధ్యాయుడు గదులకి విద్యుత్ థర్మోస్టాట్ తయారుచేసి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు పాఠం మధ్యలో నౌకరు వచ్చి గది వేడి చూసి వెళ్ళేవాడు.

ఇప్పుడు చిత్రం చూడండి. బ్రిటన్‌లో 1963లో ఇంటి బీరుకి లైసెన్సు అక్కర్లేదన్నారు. అమెరికాలో 1978లో చట్టం మారింది. మన దగ్గర మాత్రం లైసెన్సు లేకుండా కాయడం నేరమే సుమా. ఆ దేశాల్లో ఆ పని మళ్ళీ ఇంటికొచ్చింది. పాత ఫ్రిజ్‌లో పాత్ర పెట్టి, దానికో కంట్రోలర్ తగిలిస్తారు. తీగ చివరనున్న సెన్సర్‌ని పాత్రకి అంటిస్తారు. కావలసిన అంకె పెడితే, అంతకన్నా ఒక డిగ్రీ పెరగగానే ఫ్రిజ్‌కి కరెంటు ఇస్తుంది, తగ్గగానే తెంపుతుంది. తెంపిన వెంటనే మళ్ళీ ఇస్తే కంప్రెసర్ దెబ్బతింటుంది కనుక, మధ్యలో కొన్ని నిమిషాలు ఆగుతుంది.

ఆ వైరింగులో మనకి పనికొచ్చే సూత్రం ఒకటుంది. కంట్రోలర్ గానీ, మామూలు స్విచ్చి గానీ, తెంపవలసింది ఫేజ్ వైరుని. న్యూట్రల్‌ని తెంపితే యంత్రం ఆగుతుంది, కాని లోపల కరెంటు అలాగే ఉంటుంది. ఆగింది కదా అని మూత తీసి ముట్టుకుంటే ప్రాణానికే ముప్పు. ఎర్త్ వైరు కలపకపోతే, లోపల ఏదైనా తెగి తగిలినప్పుడు పైరేకుకే కరెంటు పాకుతుంది. తడిచేతులతో ఫ్రిజ్ తలుపు తీసేది ఎక్కువగా మనమే.

పూర్వం వేడి ఎంతో ఇల్లాలి వేలికి తెలిసేది. సాధనాలు వచ్చాక వాటి సంగతి మగవాళ్ళదే అయిపోయింది. మీటలూ తీగలూ మనకెందుకులే అని ఇంకా ఊరుకుంటే, మన ఇంట్లో వస్తువుల గురించే మనం పరాయివాళ్ళం అవుతాం. ఈసారి మీ ఇంటికి కరెంటు పనివాడు వస్తే పక్కనే నిలబడండి. “స్విచ్చి ఫేజ్ మీదే పెట్టావా నాయనా? ఎర్త్ కలిపావా? టెస్టర్ పెట్టి చూపించు” అని అడగండి. అతను చూపించేదాకా కదలకండి.